తాగుబోతుల తిరునాళ్ళా?

జర్మనీ దేశమున మ్యూనిక్ నగరమందు ఏటేట జరుగు అక్టోబరు ఉత్సవమును గూర్చి మనవారిలో రెండభిప్రాయములు కలవు. అది తాగుబోతుల తిరునాళ్ళనియు, సంస్కారము గలవారు ఆ వంక చూడరాదనియు పెద్దలందురు. అంతటి ఆనందము భూలోకమున మఱియొకటి లేదనియు, జన్మమున కొకమారైన ఆ గుడారమున కూర్చుండి పాత్ర నెత్తవలెననియు యువకులందురు. మొదటివారిలో పెక్కండ్రు దానిని చూచినవారు కారు. రెండవవారిలో పెక్కండ్రు చూచినదానిని జ్ఞాపకముంచుకొన్నవారు కారు. కుమార్తె ఆ నగరమున ఉద్యోగము చేయుచుండుటచే, కళాశాలకు సెలవు పెట్టి ఒక యేడాది అచ్చట నివసించితిని. 2023వ సంవత్సరపు ఉత్సవమున ఐదారు దినములు తిరిగితిని. బీరు ముట్టనివాడను గనుక చూచినది మఱవలేదు. కావున ఈ వివాదమున నాకును ఒక మాట చెప్పు హక్కు కలదని తలంచుచున్నాను.

ఆ ఉత్సవము పుట్టినది బీరు కొఱకు కాదు, పెండ్లి కొఱకు. 1810 అక్టోబరు 12వ తేదీన బవేరియా యువరాజు లుడ్విగ్ తెరీజ యను రాకుమారిని వివాహమాడెను. ఆ వేడుకలో పురజనులకును పాలు పంచవలెనని, అయిదు దినముల పిమ్మట ఊరి వెలుపలి పచ్చికబయలున గుఱ్ఱపు పందెములు జరిపించిరి. పెండ్లికూతురి పేరనే ఆ బయలునకు 'తెరీజియెన్‌వీజ' యని పేరు వచ్చినది. మఱుసటి యేడు వ్యవసాయ ప్రదర్శనము తోడైనది. పెద్ద బీరు గుడారములు లేచుట పందొమ్మిదవ శతాబ్ది చివరి మాట. పేరు అక్టోబరుదైనను, వెచ్చని దినములకై ఉత్సవమును సెప్టెంబరునకు జరిపిరి. నేను చూచిన యేడు 72 లక్షల మంది వచ్చిరని లెక్క. ఆ నగర జనాభా పదునైదు లక్షలు మాత్రమే.

అచ్చట బీరు అంగడి సరకు కంటె ఆచారమునకు దగ్గరి చుట్టము. 1516లో బవేరియా ప్రభువు నాల్గవ విల్‌హెల్మ్ ఇంగోల్‌ష్టాట్ పట్టణమున ఒక శాసనము వెలువరించెను. బీరునందు యవలు, హాప్స్ అను తీగ పూలు, నీరు తప్ప వేఱొకటి చేరరాదు. వెలయు ప్రభుత్వము చెప్పినదే. పులియబెట్టు ఈస్టు మాట అందులేదు, అది యేమో నాటివారెఱుగరు. నేడును ఉత్సవమునకు బీరు పంపు హక్కు నగరమందలి ఆఱు బ్రూవరీలకే కలదు. ఒక్కొక్క పాత్ర ఒక లీటరు. ఎంతవఱకు నింపవలెనో గాజుమీద గీత యుండును. నురుగు మిక్కిలిగను బీరు తక్కువగను పోయు మోసము నెదుర్కొనుటకు పౌరుల సంఘమొకటి కూడ కలదు! మొదటి దినము మధ్యాహ్నము పన్నెండు గంటలకు నగరాధ్యక్షుడు కొయ్యసుత్తితో కొట్టి తొలి పీపాను తెఱచును. ఎన్ని దెబ్బలకు తెఱచుకొన్నదో పత్రికలు లెక్కించి ప్రకటించును. 1950 నుండి ఇది సంప్రదాయమైనది. మన నగరాధ్యక్షులను ఇంత స్పష్టమైన కొలబద్దతో కొలుచు పద్ధతి యేదియు మనకు లేకపోయెను.

గుడారమనిన మన పెండ్లిపందిరి వంటిదని తలంపరాదు. పెద్దవానిలో ఒక్కొక్కదానియందు వేలమంది కూర్చుండగలరు. నిడుపాటి బల్లలు, వాని కిరువైపుల వీపానుకొనుటకు వీలులేని బెంచీలు. ఒంటరి కుర్చీ కానరాదు. పరిచారికలు నిండుపాత్రలను పదేసి రెండు చేతులతో ఎత్తుకొని వత్తురు. ఒక్కొక్కటి రెండు కిలోలకు మించిన బరువు. చోటు కావలసినచో బల్లయొద్ద నున్నవారి నడుగవలెను, వారు జరుగుదురు. ఈ జరుగుటయే ఆ ఉత్సవమునకు మూలసూత్రమని నా యభిప్రాయము. నాకు చోటిచ్చిన బల్లయొద్ద వృద్ధ దంపతులును, వారి మనుమడును, వారికి ముక్కుమొగము తెలియని ఇటలీ యువకులు నలుగురును ఉండిరి. నేను ఆపిల్ రసమున సోడా కలిపిన పానీయమును తెప్పించుకొంటిని. 'ఏమి, త్రాగవా?' యని ఒక్కరును అడుగలేదు. తమ పాత్రలను నా పాత్రకు తాకించి, కన్నులలోనికి చూచి నవ్విరి, అంతే. మన విందులలో త్రాగనివానిని ఊరక వదలిపెట్టు మర్యాద ఇంకను అలవడలేదు.

వాద్యబృందము గంటలో పలుమారులు ఒక పానగీతము నెత్తుకొనును. గుడారమెల్ల పాత్రలు పైకెత్తును. ఆ పాట దేవతకు గాని దేశమునకు గాని పాడునది కాదు. 'గెమ్యూట్లిష్‌కైట్' అను ఒక మనోభావమునకు పాడునది. తెలుగు పాఠము చెప్పి బ్రదుకువాడను గనుక, దానికి మన నుడిని వెదకుట నాకొక వ్యసనమైనది. 'హాయి' యందమా, అది ఒంటరివానికిని కలుగును. మధ్యాహ్నపు కునుకునందును కలదు. 'సందడి' యందమా, అందు చప్పుడే కాని కుదురు లేదు. 'కలుపుగోలుతనము' మనిషి గుణమే కాని చోటి గుణము కాదు. 'ఉల్లాసము' నిఘంటువు విడిచి వీథిలోనికి రాని మాట. తుదకు 'ముచ్చట' యొద్ద ఆగితిని. కోస్తా జిల్లాలలో ముచ్చట యనిన వేడుక, కోరిక, చూడ సొంపు. తెలంగాణమున ముచ్చట యనిన నలుగురు చేరి మాటలు చెప్పుకొనుట. ఈ రెండర్థములను కలిపి పట్టుకొన్నచో ఆ జర్మను పదము ముప్పాతిక వంతు చేజిక్కినట్లే. మిగిలిన పాతిక పైన చెప్పిన 'జరుగుట'లో నున్నది. ఆ మాట మనకు లేకపోలేదు, మన బస్సులలో దినమును వినబడుచునే యున్నది. కాని దానిని పండుగగా చేసికొనుట మాత్రము ఎఱుగము.

ఒకనాటి సాయంకాలము మా జిల్లా కుఱ్ఱవాడొకడు గుడారములో నన్ను చూచి 'నమస్కారమండీ మాస్టారూ' అని దిగ్గున లేచెను. లేచుచునే చేతనున్న పాత్రను బల్లక్రిందికి దింపెను. సిగరెట్టును దాచవచ్చును గాని లీటరు గాజుపాత్రను దాచుట ఎవరి తరము? అతడు దాచినది భయముచేత కాదు, గౌరవముచేత. మన దేశమున ఈ రెంటికిని చేష్ట ఒక్కటే. ఆ దినముననే నేను కూర్చున్న బల్లయొద్ద వేఱొక తాతయు మనుమడును ఎదురెదురుగా కూర్చుండి త్రాగుచుండిరి. రెండవ పాత్ర సగమైన పిమ్మట తాత మనుమని భుజముపై చేయి వేసి ఏదో యనెను. మూడవ పాత్ర రాలేదు.

మన పిల్లలు విదేశములకు పోయి త్రాగుడు నేర్చుకొనుచున్నారని తలిదండ్రులు దుఃఖింతురు. నేను చూచినంతలో వారు దానిని అచ్చట నేర్చుకొనుట లేదు. ఇచ్చటనే, హాస్టలు గదిలో తలుపు గడియ వేసికొని నేర్చుకొనిరి. అచ్చట నేర్చుకొనదగినదియు వారు నేర్చుకొననిదియు ఒక్కటే: పెద్దల యెదుట కూర్చుండి ఆపుట. చాటున త్రాగువానికి చాలుననువారు లేరు. ఎఱిగినవారి కన్ను పడని చోట మితము ఎక్కడినుండి వచ్చును?

ఇది చదివి నేను మద్యమునకు వకాల్తా పుచ్చుకొంటినని కొందఱు కోపింపవచ్చును. అది సరి కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట వ్యాపింపగా 1993లో సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. 1997లో రెండవది సడలిపోయినది. ఆ తల్లుల తీర్పును మ్యూనిక్ గుడారమును చూపి కొట్టివేయుట అన్యాయము. వారి యిండ్లలో సారా తినివేసినది నాటి కూలిని, రేపటి గంజిని. త్రాగినవాడు ఒంటరిగనే త్రాగెను; బాధ మాత్రము ఇంటిల్లిపాదియు పంచుకొనిరి. మ్యూనిక్‌లో నేను చూచిన యేడు పాత్ర వెల పదమూడు, పదునాలుగు యూరోలు. ఆ దేశపు జీతములకును అది చులకన కాదు. అచ్చట వెలయే ఒక కంచె. మన సారా యేనాడును అట్టి కంచె కట్టుకొన్నది కాదు.

ఆ కంచెకును కంతలున్నవి. మైదానపు అంచున 1850లో నిలిపిన బవేరియా మాత కంచువిగ్రహము కలదు. దాని దిగువ గడ్డివాలుపై పట్టపగలు మూడు గంటలకే ఒడలెఱుగక పడియున్నవారిని చూచితిని. ఆపదలో నున్న స్త్రీలకును బాలికలకును ఆశ్రయమిచ్చు కేంద్రమొకటి 2003 నుండి ఆ మైదానముననే నడచుచున్నది. అట్టిది అవసరమగుటయే ఉత్సవముపై ఒక సాక్ష్యము. పొగడువారు దీనిని దాచరాదు. ప్రధానద్వారమునొద్ద 1980 సెప్టెంబరు 26 రాత్రి ఒక తీవ్రవాది పెట్టిన బాంబునకు పండ్రెండుగురు సందర్శకులు బలియైరి, వాడును చచ్చెను. రెండువందల మందికి పైగా గాయపడిరి. వారి స్మారకమును దాటియే జనులు లోనికి పోవుదురు. అయినను ఆ నగరమువారు రోగము నెఱుగనివారు కారు. ఉత్సవము కుఱ్ఱకారు మత్తుసంతగా మాఱుచున్నదని గుర్తించి, 2005లో ఒక నియమము చేసిరి: సాయంత్రము ఆఱు గంటలదాక గుడారములలో వాద్యధ్వని 85 డెసిబెల్సు మించరాదు. వృద్ధులును పిల్లలుగలవారును రాగలిగియుండవలెనని వారి తాత్పర్యము. మద్యము నాపలేదు, తాత లేచిపోకుండ చూచుకొనిరి. నాకిది వందల పుటల నీతిగ్రంథము కంటె తెలివైన పనిగా తోచినది.

ఇటీవల మన మహానగరములలో కొన్ని హోటళ్ళు ఆ పేరుతోనే వేడుకలు జరుపుచున్నవి. తోలు లాగులు తెచ్చిరి, పెద్ద పాత్రలు తెచ్చిరి, మైదానమును మాత్రము అచ్చటనే విడిచిరి. మ్యూనిక్‌లో ఆ చోటు నగరపు సొత్తు; పెద్ద గుడారములకు ప్రవేశ రుసుము లేదు. ఇచ్చట టిక్కెట్టు కొనినవాడు తాను వెంటదెచ్చుకొన్నవారితోనే కూర్చుండును. ఎవరును ఎవరికొఱకును జరుగనక్కఱలేదు. తాత రాడు, అమ్మమ్మ రాదు. ఇది హాస్టలు గదికి దీపాలంకరణ చేయుట. మనకు మైదానము కావలెనన్నచో మేడారము కలదు. రెండేండ్లకొకమాఱు ఆ అడవిలో బెల్లమును 'బంగార'మని పిలిచి సమ్మక్క సారలమ్మలకు సమర్పింతురు. కల్లును అచ్చట కలదు, చంటిబిడ్డయు కలదు, ముసలమ్మయు కలదు. దానిని అనాగరికమనువారే హోటలు వేడుకకు ముందుగ టిక్కెట్లు కొనుచున్నారు.

పాత్రను దాచిన కుఱ్ఱవాడు మొన్న నాకు ఫోను చేసెను. ఈ సెప్టెంబరులో తండ్రి అతని యొద్దకు పోవుచున్నాడట. ఆయన పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు, మద్యమన్న మండిపడువాడు. ఉత్సవమునకు తీసికొనిపోవచ్చునా యని ప్రశ్న. శనివారము వలదు, మంగళవారము కుటుంబముల దినము, ఆనాటి మధ్యాహ్నము తీసికొని పొమ్మంటిని. అప్పుడు వాద్యము నెమ్మదిగ నుండును, అడిగినచో జరుగువారును ఉందురు. ఆయనకు ఆపిల్ సోడాయు, ఉప్పు చల్లిన పెద్ద ప్రెట్‌జెలును చెప్పుమంటిని. నీకేమి తెప్పించుకొందువో ఆయన ప్రక్కన కూర్చున్న పిమ్మట నిర్ణయించుకొమ్మంటిని. కొంతసేపు ఫోనులో పలుకు లేదు. తరువాత, 'మంగళవారం అయితే ఆఫీసులో ఇప్పుడే సెలవు అడగాలండీ' అనెను.