ఒకే గోడకు ఎన్ని రంగులు?

గుంటూరు జిల్లాలో ఒక పల్లె. గ్రామ సచివాలయం గోడ మూల వానకు తడిసి పెచ్చు ఊడింది. దగ్గరికెళ్లి చూస్తే లోపలి వరుసలు తెలుస్తాయి. అడుగున పాత సున్నం, దాని మీద నీలం, ఆకుపచ్చ, ఆపైన ఎర్రమట్టి రంగు, అన్నిటికీ పైన మళ్లీ సున్నం. గోరుతో గీకితే పొడి రాలుతుంది. అదే ఆవరణలో ఉన్న చేతిపంపుకు పిడి లేదు. బాగు చేయించమని అడిగితే పంచాయతీలో డబ్బుల్లేవన్నారని నీళ్ల బిందెలతో వెళ్తున్న ఆడవాళ్లు చెప్పారు.

డబ్బుల్లేకపోతే ఆ రంగులు ఎక్కడివి?

2019లో అధికారంలోకి వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం పంచాయతీ భవనాలకు తన జెండా రంగులు పూయించింది. 2020 మార్చి 10న హైకోర్టు వాటిని తొలగించమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లి భంగపడింది. అయినా ఆగలేదు. ఎర్రమట్టి రంగు ఒకటి జోడించి ఏప్రిల్‌లో 623వ నంబరు జీవో తెచ్చింది. మే నెలలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. చివరికి జూన్ 3న సుప్రీంకోర్టు నాలుగు వారాల గడువిస్తే గానీ రంగులు దిగలేదు. కరోనాతో ఊళ్లు బిక్కుబిక్కుమంటున్న రోజులవి. పూసిన కూలీ, చెరిపిన కూలీ, వకీళ్ల ఫీజులు అన్నీ జనం కట్టిన పన్నుల్లోంచే పోయాయి. ఆ ఖర్చు ఒక్క నాయకుడి జేబులోంచి కూడా రాబట్టలేదు.

ఇది ఒక్క పార్టీకి పట్టిన జబ్బయితే ఇంత రాయాల్సిన పనే లేదు. అంతకుముందున్న తెలుగుదేశం ప్రభుత్వం ఉండవల్లిలో కృష్ణ ఒడ్డున కోట్లు పోసి ప్రజావేదిక కట్టింది. నది గట్టున నిబంధనలకు విరుద్ధంగా కట్టడం తప్పు. 2019 జూన్‌లో కొత్త ముఖ్యమంత్రి అదే హాల్లో కలెక్టర్ల సమావేశం పెట్టి, ఇందులో ఇదే ఆఖరి సమావేశమని ప్రకటించి, ఆ వెంటనే యంత్రాలను పంపించారు. కట్టినవారినీ, కట్టడానికి సంతకం పెట్టిన అధికారులనూ ఖర్చు లెక్క చెప్పమని నిలదీయాల్సింది. శిథిలాలు మాత్రం మిగిలాయి.

అన్నిటికంటే కడుపు మండించేది అన్న క్యాంటీన్ల కథ. 2018 జూలైలో మొదలయ్యాయి. 5 రూపాయలకు భోజనం. బస్టాండ్ల దగ్గర, ఆసుపత్రుల దగ్గర హమాలీలు, ఆటోవాళ్లు, రోగుల వెంట వచ్చిన పల్లె జనం వరుసలో నిలబడి తినేవారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, క్యాంటీన్లకు తాళాలు పడ్డాయి. వంటలో లోపముంటే దిద్దుకోవచ్చు. కాంట్రాక్టులో అవినీతి ఉంటే కేసు పెట్టొచ్చు. పేరు నచ్చకపోతే పేరు మార్చినా సరిపోయేది. ఐదేళ్ల పాటు ఆ గదులు బూజు పట్టాయి, షట్టర్లు తుప్పు పట్టాయి. 2024 ఆగస్టులో గుడివాడలో మళ్లీ పొయ్యి వెలిగించారు. మూతపడిన ఆ ఐదేళ్లలో మధ్యాహ్నం పూట పస్తులున్నవాళ్ల లెక్క ఏ ఆడిట్ నివేదికలోనూ రాదు.

ఇప్పటి ప్రభుత్వమైనా మారిందా? ఇంటింటికీ రేషన్ ఇస్తామని 2021లో పాత ప్రభుత్వం కొన్న 9,260 వాహనాలను 2025 జూన్ నుంచి పక్కన పెట్టింది. బియ్యం పక్కదారి పడుతున్నాయన్న ఆరోపణ ఉంది, నిజమే. అయితే ఆ బండ్లకు ఎంత పోశాం, ఎంత మునిగిపోయింది, దోషులెవరు అన్నది ఇంటి గడపకు చేరేలా చెప్పాలి కదా. రుషికొండ మీద పర్యాటక శాఖ రిసార్టును కూలగొట్టి కట్టిన రాజభవనాల సంగతీ అంతే. కట్టినవారు పర్యాటకం కోసమేనన్నారు. వచ్చినవారు తలుపులు తీసి లోపలి హంగులు లోకానికి చూపించారు, దేనికి వాడాలో మాత్రం నెలల తరబడి తేల్చలేదు.

తెలంగాణదీ ఇదే దారి. పాతికేళ్లు నిండని బ్లాకులున్న సచివాలయాన్ని 2020లో నేలమట్టం చేశారు. ప్రభుత్వం మారగానే టీఎస్ కాస్తా టీజీ అయింది, బోర్డులూ ముద్రలూ కాగితాలూ మారాయి.

పొరుగున తమిళనాడు ఉంది. 2021లో స్టాలిన్ ముఖ్యమంత్రి అయ్యేనాటికి బడిపిల్లలకు పంచాల్సిన లక్షల సంచుల మీద ప్రత్యర్థి పార్టీ నేతలు జయలలిత, పళనిస్వామి బొమ్మలున్నాయి. అలాగే పంచండి, దాంతో మిగిలే 13 కోట్ల రూపాయలు పిల్లలకే ఇంకో పనికి వాడండి అన్నారాయన. అక్కడి రాజకీయ పగలు మనవాటికంటే తక్కువేం కాదు. అయినా ఆ పిల్లలు తమ సంచి మీద ఎవరి బొమ్మ ఉందో పట్టించుకోకుండా పుస్తకాలు మోసుకెళ్లారు.

మా డిమాండ్ ఒక్కటే. ఏ పథకాన్నయినా రద్దు చేసే జీవోలో మొదటి పేరా ఖర్చు లెక్క కావాలి: ఇప్పటిదాకా పెట్టింది ఎంత, ఇక పనికిరాకుండా పోయేది ఎంత, కొత్త పేరుకూ కొత్త బోర్డుకూ అయ్యేది ఎంత. ఆ కాగితం అసెంబ్లీ ముందుకు రావాలి, పంచాయతీ నోటీసు బోర్డు మీదా అంటించాలి. పిడి లేని చేతిపంపు పక్కనున్న ఆ సచివాలయం గోడ మీద అందుకు కావలసినంత చోటుంది.