తాళము చేతికిచ్చునాడు చెప్పని మాటలు

నారాయణఖేడు ప్రాంతమునకు వేగము వచ్చినంత త్వరగా వేగమును గూర్చిన ఎఱుక రాలేదు. సంగారెడ్డి నుండి జోగిపేట మీదుగా నాందేడు వైపు సాగు 161వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసల బాటయైన పిదప, పూర్వము గుంతలు తప్పించుకొనుచు 40 కిలోమీటర్ల వేగముతో పోవుటయే ఘనకార్యమని తలచినవారు నేడు ముల్లు 100 దాటినను దాని వంక చూచుట మానిరి. నిజాంపేట వద్ద ఆ బాటనుండి చీలి ఖేడు మీదుగా బీదరునకు పోవు మార్గమునందును అదే కారు, అదే చోదకుడు, అదే తొందర. వాహనములును ఆ వేగమునకు తగినట్లే మారినవి. చక్రములు బిగుసుకొనకుండ కాచు ఏబీఎస్ బ్రేకులు, గుద్దుకొన్న క్షణమున ఉబ్బు ఎయిర్‌బ్యాగులు, బెల్టు పెట్టుకొనుమని మొఱపెట్టు గంట, ఇవన్నియు నేడు సామాన్య గృహస్థుని చిన్న కారులో సైతము కలవు. అవి యేమి చేయునో, యేమి చేయజాలవో కొన్నవానికి విడమరచి చెప్పు మనుష్యుడు మాత్రము కానరాడు.

కారు అప్పగించు వేళ జరుగు తంతును చూడుడు. బండిపై కప్పిన గుడ్డను తొలగింతురు. అట్టతో చేసిన పెద్ద తాళపుచెవిని కుటుంబమంతయు పట్టుకొని నిలువగా ఫోటో తీయుదురు. మిఠాయి పెట్టె యిత్తురు. ఫోనును కారుతో కలిపి పాట మ్రోగించు విధమును షోరూము కుర్రవాడు మిక్కిలి యోపికతో నేర్పును. అటుపిమ్మట చక్రముల క్రింద నిమ్మకాయలు, కొబ్బరికాయ, వీలైనచో ఝరాసంగము కేతకీ సంగమేశ్వరుని సన్నిధిని పూజ. పూజను నేనాక్షేపింపను, రోడ్డెక్కువానికి భయభక్తులుండుట మంచిదే. వందల పుటలతో, సాధారణముగా ఇంగ్లీషులో అచ్చువేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టియిచ్చిన పుస్తకము మాత్రము డ్యాష్‌బోర్డు అఱలో పడినది పడినట్లేయుండి, బండిని మఱియొకరికి అమ్మునాటివఱకు వెలుగు చూడదు. నా ఆక్షేపణ అచ్చట.

ఈ రక్షణోపాయములన్నిటికిని మూలము సీటు బెల్టు. భుజము మీదుగను నడుము మీదుగను మూడుచోట్ల బిగియు నేటి బెల్టును 1959లో వోల్వో సంస్థయందలి ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందింపగా, ఆ సంస్థ తన పేటెంటును ఇతర తయారీదారులు సైతము వాడుకొనుటకు వదలిపెట్టినది. కారు దేనికైనను తగిలి ఆగును గాని అందులోని మనిషి ఆగడు. అంతకుముందు కారెంత వేగముతో పోవుచుండెనో అతని దేహము అంత వేగముతోనే ముందుకు దూకును. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో గోడకు తగులుట మూడంతస్తుల మేడపైనుండి నేలపై పడుటతో సమానము. బెల్టు ఆ తాకిడిని దేహమందలి గట్టి యెముకలకు పంచి, మెల్లగా నిలుపును. కావుననే అది పొట్టపై గాక తుంటి యెముకలపై కూర్చుండవలెను. గర్భిణులకు పొట్ట క్రిందుగా పోవలెను. చంక క్రిందినుండి తీసి పోలీసుల కంటికి మాత్రము కనబడునట్లు వ్రేలాడదీసిన బెల్టు, ప్రమాదవేళ ప్రక్కటెముకలను విఱుచుటకు పనికివచ్చును.

“ఊళ్లెనే గద సార్, గింత దూరానికి బెల్టెందుకు?” అను మాట ఖేడులో వినని దినముండదు. “ఎనక కూసున్నోళ్లకు గూడ బెల్టా?” అనునది అంతకంటె ఆశ్చర్యముతో అడుగు ప్రశ్న. వెనుకవారికి గూడ బెల్టు విధియే. 2019 నాటి సవరణతో మోటారు వాహనముల చట్టములోని 194బి నిబంధన, బెల్టు లేనివారికి వేయి రూపాయల జరిమానా విధించినది. కాని జరిమానా కంటె గట్టిగా చెప్పు దృష్టాంతములు మన కన్నులయెదుటనే జరిగినవి. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్లగడ్డ సమీపమున రోడ్డుపై పోసిన ధాన్యపు కుప్పను తప్పింపబోయి కారు బోల్తాపడగా, బెల్టు లేక బయటికి విసరివేయబడిన రాజకీయ నాయకురాలు భూమా శోభానాగిరెడ్డి మఱునాడు కన్నుమూసిరి. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లా అన్నెపర్తి వద్ద తానే కారు నడుపుకొనుచు ప్రమాదమున మరణించిన నటుడు నందమూరి హరికృష్ణయు బెల్టు పెట్టుకొనలేదని నాటి వార్తలు తెలిపినవి. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ వద్ద కారు ప్రమాదమున పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినప్పుడు, ఖరీదైన కారైనను వెనుక సీటులో బెల్టు లేనివానిని కాపాడజాలదని దేశమంతయు చెప్పుకొన్నది. చెప్పుకొని, కొన్ని వారములలో మఱచిపోయినది.

మఱచుటయే గాక, గుర్తుచేయు గంట నోరు మూయించుటకు మనవారు డబ్బిచ్చి క్లిప్పు కొని బెల్టు బొడిపెలో దూర్తురు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ వర్తక సంస్థలను ఈ క్లిప్పుల విక్రయము మానుమని ఆదేశించినది. 2021 ఒక్క సంవత్సరముననే దేశములో బెల్టు పెట్టుకొనక మరణించినవారు 16,397 మంది యని ప్రభుత్వ లెక్క. లక్షలు పోసి కొన్న రక్షణను అల్పమైన ధరకు దొరకు ఇనుపముక్కతో రద్దుచేయు తెలివి మఱి యే వస్తువు విషయమునను మనకు పుట్టలేదు.

ఎయిర్‌బ్యాగును గూర్చిన అపోహ యింకను పెద్దది. 2019 జులై నుండి చోదకునకును, 2021 సంవత్సరాంతమునకు ముందు సీటులోని రెండవవానికిని అది తప్పనిసరి యైనది, నాటినుండి “ఎన్ని బెలూన్లు?” అను ప్రశ్న మైలేజీ తరువాతి ప్రశ్న యైనది. తాకిడిని సెన్సరు కనిపెట్టి, కారులోని చిన్న కంప్యూటరు నిర్ణయించి, రసాయనము మండి వాయువు సంచిని నింపుట కెల్ల పట్టు కాలము సెకనులో సుమారు ముప్పదవ వంతు. రెప్పపాటు దానికంటె దీర్ఘము. అంత వేగముతో వచ్చునది మెత్తని దిండు కానేరదు. బెల్టుచే నిలుపబడి, ఛాతికిని స్టీరింగునకును జానెడు దాటి, అనగా కనీసము 25 సెంటీమీటర్ల యెడముతో కూర్చున్నవానికి అది ప్రాణదాత. బెల్టు లేక బ్రేకు పడగానే ముందుకు జాఱినవానికి అదే ముఖముపై దెబ్బ. ముందు సీటులో తల్లి యొడిలో కూర్చుండబెట్టిన పసివాని మాట తలచుకొనుటకే జంకు కలుగును. అచ్చట సంచికిని తల్లికిని నడుమ నలుగునది ఆ బిడ్డయే. పెండ్లిండ్ల కాలమున ఖేడు బస్టాండు ముందునుండి పోవు కార్లలో ఈ దృశ్యము సర్వసామాన్యము. బండి ముందు బిగించు ఇనుప గార్డులు తాకిడి సెన్సరుకు చేరు తీరును చెఱచునని 2017 చివర కేంద్రము వానిని నిషేధించినను, ఇంకను అవి హోదా చిహ్నములుగా తిరుగుచునే యున్నవి. సీటు ప్రక్కనుండి వెలువడు సంచి కల కార్లకు, అందమునకై కుట్టించు మందపు సీటు కవరులు అదే ద్రోహము చేయును.

పాత కారు కొనువారు ఒక చిన్న పరీక్షను తప్పక చేయవలెను. మన ప్రాంతమున అట్టివారు అనేకులు గనుక దీనిని కొంత విస్తరింతును. తాళము త్రిప్పి, ఇంజను ఆరంభింపక, మీటర్ల పలకను చూడుడు. ఒడిలో గుండ్రని సంచితో కూర్చున్న మనిషి బొమ్మ గల ఎఱ్ఱదీపము కొన్ని సెకనులు వెలిగి ఆఱిపోవలెను. ఆఱకయున్నచో రక్షణ వ్యవస్థలో దోషమున్నది. అసలు వెలుగకున్నచో అంతకంటె అనుమానింపవలెను: ఎయిర్‌బ్యాగు ఒక్కమాఱే పనిచేయును, క్రొత్తది వేయించుట ఖరీదైన పని, కావున ఒకసారి గుద్దుకొన్న బండికి పై మూత మాత్రము అతికించి, దీపమును తొలగించి అమ్మువారు లోకమున లేకపోలేదు. టైర్లు తట్టి, బానెట్టు లేపి, రంగుపై చేయి రాచి చూచు మన పెద్దలు ఈ దీపమును చూచుట నేర్చిన చాలును.

ఏబీఎస్‌ను గూర్చి తెలిసికొనవలసినది స్వల్పము. గట్టిగా త్రొక్కినప్పుడు పెడలు పాదము క్రింద గడగడ కొట్టుకొనును. అది పనిచేయుటకు గుర్తు. బ్రేకు విఱిగినదని భయపడి కాలు తీసినవాడు ఆ యుపాయమును తానే చెఱచుకొనును. త్రొక్కిపట్టి, స్టీరింగు త్రిప్పి అడ్డమును తప్పించుకొనుటకే అది యున్నది. కాని వదులు కంకరపైనను, రోడ్డుపై ఎండబోసిన జొన్నలపైనను అది దూరమును తగ్గింపదు సరికదా, ఒక్కొక్కప్పుడు పెంచును.

ఇటీవలి కార్లు కెమేరాతోను రాడారుతోను ముందున్నదానిని కనిపెట్టి తామే బ్రేకు వేయునట. వేయునేమో గాని, గీతలు చెఱగిన రోడ్డుపై వానికి దారి తెలియదు. పశువులను గుర్తింపకపోవచ్చునని కారుతో ఇచ్చు ఆ పుస్తకములే హెచ్చరించుచున్నవి. చెఱకు కాలమున వెనుక దీపమైనను లేక చీకటిలో కదలు ట్రాక్టరు ట్రాలీ క్రిందికి దూరిన కారునకు భద్రతా పరీక్షలో వచ్చిన నక్షత్రములెన్ని యున్నను ప్రయోజనము తక్కువ, ఏలయన తాకిడిని భరింపవలసిన ముందుభాగము ట్రాలీ అడుగునకు పోయి, అద్దమే మొదట తగులును. 2023 అక్టోబరు నుండి అమలులోనున్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో నక్షత్రములిచ్చునది 64 కిలోమీటర్ల ముందు తాకిడిని బట్టియు, 50 కిలోమీటర్ల ప్రక్క తాకిడిని బట్టియు; అదియు బెల్టు పెట్టిన బొమ్మలకు. 110 వేగముతో బెల్టు లేక పోవు మనిషికి ఆ నక్షత్రములు ఏ వాగ్దానమును చేయలేదు.

రవాణా శాఖవారు లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయించుటతో తృప్తిపడక, మీటర్ల పలకలోని నాలుగు దీపములను చూపి వాని అర్థము నడుగవచ్చును. వెనుక సీటులోనివారిచే బెల్టు పెట్టించి చూపుమనవచ్చును. షోరూములవారు పాటల పాఠమునకిచ్చు సమయములో సగమైనను దీనికి కేటాయింపవచ్చును. బెల్టు, సంచి, బ్రేకు, పిల్లల సీటు, హెచ్చరిక దీపములను గూర్చి చెప్పవలసినదంతయు తెలుగులో ఎనిమిది పుటలకు మించదు. కన్నడము, మరాఠీ, ఉర్దూ కలగలసి వినబడు మా ఖేడువంటి ఊళ్లకు ఆ భాషలలోను కొన్ని ప్రతులుండిన మఱియు మేలు. దసరాకును ఉగాదికిని తెలుగు పత్రికలలో పుటల నిండ రంగుల ప్రకటనలు వేయించు కార్ల సంస్థలకు ఆ యెనిమిది పుటల అచ్చు ఖర్చు భారమని నేననుకొనను.