ఇంటిపేరు తరవాత

మన తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు చెప్పి అసలు పేరు తరవాత చెప్పుకుంటాం. ఇంటర్నెట్టులో వ్యవహారం తలకిందులు. అక్కడ అసలు పేరు ముందు, ఇంటిపేరు తరవాత, దాని వెనక వూరి పేరు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ యెందుకంటారా? కాస్త వినండి.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని చిరునామా ‘టీఈ డాట్ వికీపీడియా డాట్ ఓఆర్‌జీ’. చివరినుంచి చదవండి. ఓఆర్‌జీ అన్నది వూరు. వికీపీడియా అన్నది ఆ వూళ్ళో పన్ను కట్టి నిలుపుకున్న ఇల్లు. టీఈ అంటే తెలుగు. ఆ ఇంట్లో మన వాటా. తమిళానికి టీఏ, కన్నడానికి కేఎన్. ఒకే ఇంటిపేరు మీద మూడువందలకు పైగా భాషలు కాపురముంటున్నాయి. దేని వంట దానిదే. ఇలాంటి వాటానే సబ్‌డొమైన్ అంటారు.

1983లో పాల్ మోకాపెట్రిస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతికి రూపకల్పన చేశాడు. అంతకుముందు అర్పానెట్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ కాలిఫోర్నియాలో ఒకే జాబితాగా రాసి వుంచేవారు. జాబితా పెరిగి సంబాళించడం కష్టమైంది. ఇప్పుడు ఇంటి యజమాని కొత్త వాటా వేసుకోవాలంటే యెవరినీ అడగనక్కరలేదు.

మా కాలేజీలో లైబ్రరీకి, పత్రికకు, పరీక్షల విభాగానికి విడివిడిగా వెబ్‌సైట్లు కావాలన్నారు. మూడు పేర్లు కొనాలని ఒకాయన లెక్క కట్టుకొచ్చారు. మా లెక్కల లెక్చరరు నవ్వి, కాలేజీ పేరుకి ముందు ‘లైబ్రరీ’ అని రాసి చుక్క పెడితే చాలునన్నాడు. పేరుకి వేరే రుసుం లేదు. పత్రిక ఒక కంప్యూటరు మీద, పరీక్షలు మరొకదాని మీద వుండవచ్చు. ఒకదానికి జబ్బు చేస్తే రెండోది మంచాన పడదు. ఇంటిపన్ను కట్టడం మరిచిపోతే మటుకు వాటాలన్నీ ఒక్కసారే వీధిన పడతాయి.

యజమాని ముందు యే పేరైనా తగిలించుకోవచ్చు గదా, దొంగకీ ఆ సదుపాయం వుంది. మా పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరుగారికి ఒకనాడు ఫోనులో సందేశం వచ్చింది: మీ ఖాతా ఆగిపోతుంది, వెంటనే వివరాలు నింపండి అని. చిరునామా మొదట అచ్చంగా ఆయన బ్యాంకు పేరే వుంది. “మన బ్యాంకేనండీ!” అన్నారు కళ్ళజోడు సవరించుకుంటూ. మొదట్లో వుండే జంటగీతలు వదిలేసి, తరవాత వచ్చిన ఒంటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కణ్ణించి వెనక్కి చదివాం. వూరు కామ్. ఇల్లు యెవరిదో, నోరు తిరగని పేరు. బ్యాంకు పేరు ఆ ఇంటి వాటాకి తగిలించిన బోర్డు మాత్రమే!

“ఇంటిపేరు అడక్కుండా తాంబూలాలు పుచ్చుకోబోయానన్నమాట,” అని మాస్టారు ఫోను బల్లమీద పెట్టేశారు.

రిజర్వు బ్యాంకు 2025లో మన బ్యాంకులకు ‘బ్యాంక్ డాట్ ఇన్’ అనే ప్రత్యేకమైన వూరు చూపించి, ఆ యేడు అక్టోబరు 31 లోగా అక్కడికి మారమన్నది. అక్కడ స్థలాలిచ్చేది మన హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ. దొంగ యిల్లు కట్టుకుందామన్నా అందులో చోటు దొరకదు. బ్యాంకు పేరుతో యేది వచ్చినా మాస్టారు ముందు ఆ రెండు ముక్కల కోసం తోక చూస్తున్నారు.