దీపాల భాష

బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, రైల్వే రిజర్వేషన్ కార్యాలయంలోనో గోడకు బిగించిన పెట్టెలో చిన్న చిన్న దీపాలు మినుకుమినుకుమంటూ ఉండటం మీరు చూచే ఉంటారు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే ఆ సాధనం పేరు నెట్‌వర్క్ స్విచ్. కేబుళ్ళు వచ్చి చేరే గూళ్ళను పోర్టులంటారు. సాధారణంగా ఒక్కొక్క పోర్టుకూ ఒకటో రెండో దీపాలుంటాయి. “నెట్‌వర్క్ లేదు” అన్న మాట వినగానే విసుగుతో అన్నింటినీ ఆర్పి మళ్ళీ వెలిగించేకంటే, ముందుగా ఆ దీపాలను చదవటం మేలు.

దీపం నిలకడగా వెలుగుతోందంటే, కేబుల్‌కు రెండు చివరలా ఉన్న యంత్రాలు ఒకదానినొకటి గుర్తించాయని అర్థం. 1990లో ప్రమాణంగా వెలువడిన టెన్ బేస్ టి పద్ధతిలో, పంపవలసినదేమీ లేనప్పుడు కూడా సుమారు 16 మిల్లీసెకన్లకొకసారి ఒక చిన్న విద్యుత్ స్పందన వెళుతుంది. “నేనున్నాను” అని చెప్పటమే దాని పని. తర్వాత వచ్చిన వేగవంతమైన పద్ధతులలో విధానం మారినా భావం మారలేదు. ఆ పలకరింపు ఆగిపోతే దీపం ఆరిపోతుంది. అప్పుడు కేబుల్ ఊడిందా, తెగిందా, అవతలి యంత్రం ఆగిందా, లేక నిర్వాహకులే ఆ పోర్టును మూసివేశారా అన్నది చూడాలి.

దీపం మినుకుమంటే సమాచారం నడుస్తోందన్నమాట. అయితే ఒక్కొక్క మినుకూ ఒక్కొక్క సందేశం కాదు. సెకనుకు 100 కోట్ల బిట్లు పంపే కేబుల్‌పై 1,500 బైట్ల సమాచారం 12 మైక్రోసెకన్లలో దాటిపోతుంది. మన కంటికి ఆనేటట్లు ఆ వెలుగును సాగదీసి చూపుతారు.

రంగుల విషయంలో మాత్రం తొందరపాటు పనికిరాదు. తెలుగులో ఉపన్యాసమంటే ప్రసంగం, హిందీలో నవల. అలాగే నారింజ రంగుకు కొందరు తయారీదారులు తక్కువ వేగమని అర్థమిస్తారు. సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లు అనేకంలో, నిలకడైన నారింజ రంగుకు ఆ పోర్టును ఆపి ఉంచారని అర్థం. కేబుల్ తగిలించిన తర్వాత అరనిమిషంపాటు అలా ఉండటం లోపం కాదు. స్విచ్‌ల మధ్య సందేశాలు అంతులేకుండా తిరిగే వలయం ఏర్పడకుండా తీసుకునే జాగ్రత్త అది. ఇందుకు ఆధారమైన పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించారు.

అట్టి వలయమే ఏర్పడితే దీపాలన్నీ మహా జోరుగా మినుకుమంటాయి. పని మాత్రం ఒక్కటీ సాగదు. 2002 నవంబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో, బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో ఈ జాగ్రత్త విఫలమై నెట్‌వర్క్ స్తంభించింది. కొన్ని రోజులపాటు వైద్యులూ నర్సులూ రోగుల వివరాలకు కాగితాన్నీ కలాన్నీ ఆశ్రయించవలసి వచ్చింది.

కనుక దీపం సాక్ష్యం ఆ ఒక్క కేబుల్ వరకే చెల్లుతుంది. సందేశం గమ్యం చేరిందో లేదో అవతలి నుండి వచ్చే జవాబే చెప్పాలి. అయినా, సాంకేతిక నిపుణునికి ఫోన్ చేసే ముందు పోర్టు సంఖ్య, దీపం రంగు, అది నిలకడగా ఉందా, మినుకుమంటోందా అన్న మూడు సంగతులూ వ్రాసి పెట్టుకోండి. ఎక్కడ వెతకటం మొదలుపెట్టాలో ఆయనకు తెలుస్తుంది.