శంషాబాద్‌ క్యాబ్‌కు రేటు ఎవరు చెప్పాలి?

బేగంపేటలో విమానం దిగినవాళ్లు ఆటో మాట్లాడుకుని ఇంటికి పోయేవారు. 2008 మార్చిలో హైదరాబాద్‌ విమానాశ్రయం శంషాబాద్‌కు తరలాక ఆ రోజులు పోయాయి. మరుసటి ఏడాది మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్‌ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఔటర్‌ రింగ్‌ రోడ్డూ వచ్చింది. మెట్రో మాత్రం రాలేదు. రాయదుర్గం నుంచి వేస్తామని 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారాక ఆ మార్గాన్ని పక్కనపెట్టి నాగోల్‌, చాంద్రాయణగుట్ట మీదుగా అన్నారు. ఆర్టీసీ పుష్పక్‌ బస్సులు మంచివే. గల్ఫ్‌ నుంచి వచ్చి జేబీఎస్‌లో కరీంనగర్‌ బస్సు ఎక్కాల్సినవారికి అవే ఆధారం. కానీ రాత్రి రెండింటికి పెద్ద పెట్టెలతో, నిద్రమత్తులో ఉన్న పిల్లలతో దిగిన కుటుంబం క్యాబ్‌ వైపే చూస్తుంది. ఆ సమయంలో బేరమాడే ఓపిక ఎవరికుంటుంది?

గిరాకీ పెరిగితే రేటు పెంచడానికి యాప్‌ కంపెనీలు చెప్పే కారణం ఒకటే: రేటు పెరిగితే ఎక్కడెక్కడి బండ్లో అటు వస్తాయని. వాన పడినప్పుడు, మ్యాచ్‌ అయిపోయి జనం ఒక్కసారిగా రోడ్డెక్కినప్పుడు ఈ వాదనలో పస ఉంది. విమానాశ్రయంలో అంత లేదు. నగరం మొత్తంలో ఎప్పుడు ఎంత గిరాకీ ఉంటుందో ముందే తెలిసే చోటు ఇదే. ఏ విమానం ఎన్నింటికి దిగుతుందో బోర్డు మీదే ఉంటుంది. క్యాబ్‌లేమో పార్కింగ్‌లో వరుస కట్టి ట్రిప్‌ కోసం కాచుకుని ఉంటాయి. ఇక్కడ పెంచిన రేటు కొత్త బండిని రప్పించడం కన్నా దిగినవాడి అవసరాన్ని సొమ్ము చేసుకోవడమే ఎక్కువ. కేంద్రం 2020 మార్గదర్శకాల్లో ఈ పెంపును బేస్‌ ఫేర్‌కు ఒకటిన్నర రెట్ల దగ్గర ఆపింది. 2025 జులైలో దాన్ని రెండు రెట్లకు సడలించింది. ఎవరి మేలు కోరి?

డ్రైవర్‌ మేలు కోరి అంటే నమ్మడం కష్టం. ‘డ్రాప్‌ ఎక్కడ సార్‌, క్యాషా, ఆన్‌లైనా?’ అని ఫోన్‌ చేసే డ్రైవర్‌ని తిట్టుకుంటాం కానీ, అతని లెక్క వేరు. గంటల తరబడి పార్కింగ్‌లో పడిగాపులు, కంపెనీ కమీషన్‌, డీజిల్‌, బండి కిస్తీ. కొంపల్లిలో దింపితే తిరుగు ట్రిప్‌ దొరుకుతుందన్న భరోసా లేదు. మూడు గంటలు ఆగాక దగ్గర్లోని రాజేంద్రనగర్‌ ట్రిప్‌ పడితే క్యాన్సిల్‌ చేయమని బతిమాలడా?

యాప్‌ కంపెనీ, డ్రైవర్‌ కాక మూడో పక్షం ఒకటుంది, విమానాశ్రయ నిర్వాహకులు. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పార్కింగ్‌, టాక్సీ ఒప్పందాల ద్వారా విమానాశ్రయానికి వచ్చేది విమానేతర ఆదాయం. 2016 పౌర విమానయాన విధానం ప్రకారం అందులో 30 శాతమే విమానాశ్రయ చార్జీల భారం తగ్గించే లెక్కలోకి వస్తుంది. మిగతాది నిర్వాహకులదే. టాక్సీ చవగ్గా ఉండాలన్న తొందర వారికి ఎందుకుంటుంది?

అందుకే రేటు చెప్పాల్సింది రవాణా శాఖ. పారిస్‌లో 2016 నుంచి చార్ల్స్‌ డి గాల్‌ విమానాశ్రయం టాక్సీకి స్థిరమైన ధర ఉంది: సెన్‌ నదికి ఈ ఒడ్డు అయితే ఇంత, ఆ ఒడ్డు అయితే ఇంత. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా అంతే. న్యూయార్క్‌ జేఎఫ్‌కే నుంచి మన్‌హట్టన్‌కు 70 డాలర్లు, టోల్‌ అదనం. సాయంత్రం రద్దీ వేళ కాస్త ఎక్కువ. అక్కడ దగ్గరి ట్రిప్‌ వేసి వచ్చిన డ్రైవర్‌ మళ్లీ వరుస చివర నిలబడక్కర్లేదు. రాజేంద్రనగర్‌ గొడవకు మందు అదే.

మెహిదీపట్నం, గచ్చిబౌలి, సికింద్రాబాద్‌, ఉప్పల్‌, కూకట్‌పల్లి అంటూ నగరాన్ని జోన్లుగా విడదీసి, టోల్‌తో సహా ఒకే రేటు రాసి బయటికొచ్చే ద్వారం దగ్గర పెట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. అప్పుడు మధ్యాహ్నం పూట యాప్‌లో దొరికే తక్కువ రేటు పోతుందని కొందరంటారు. పోతుంది. ఆ తగ్గింపులో ఎక్కువ భాగం డ్రైవర్‌ జేబులోంచే వస్తోంది కనుక, పోయినా నాకు అభ్యంతరం లేదు.

ఆంధ్రప్రదేశ్‌కూ ఇది పరాయి గోల కాదు. విశాఖ పాత విమానాశ్రయం ఊళ్లోనే ఉంది. కొత్త విమానాశ్రయానికి ఎంచుకున్న భోగాపురం 40 కిలోమీటర్ల పైమాటే. అక్కడ టాక్సీ కౌంటర్లకు టెండర్లు ఖరారు చేసేముందే రేట్ల పట్టిక ఒప్పందంలో చేరాలి. సంతకాలయ్యాక అడిగితే, ఒప్పందంలో లేదు కదా అంటారు.