సిపాయికి హైకోర్టు గడప దూరం చేయొద్దు

మన వాడల కుర్రాళ్లు మిలట్రీకి పోయేది ఎక్కువగా సిపాయిలుగానే. అక్కడ వాళ్ల మీద నేరం మోపితే తీర్పు చెప్పేదెవరు? 1950 ఆర్మీ చట్టంలో 'సమ్మరీ కోర్టు మార్షల్' అని ఒకటుంది. అందులో కమాండింగ్ ఆఫీసరు ఒక్కడే కోర్టు. ఏడాది దాకా జైలు వేయొచ్చు, కొలువు పీకేయొచ్చు. ఈ కోర్టు ఆఫీసర్లకు లేదు, జేసీవోలకు లేదు. కిందివాళ్లకే!

1985లో ఏం జరిగిందో చూడండి. ఒక సిగ్నల్‌మన్ తన ఆఫీసరు మీద పైవాళ్లకు మొర పెట్టుకున్నాడు. అందుకు నిర్బంధంలో పెట్టారు. అక్కడ అన్నం తినమంటే తినలేదని ఇంకో కేసు పెట్టారు. ఎవరి మీద మొర పెట్టుకున్నాడో ఆ ఆఫీసరే తీర్పు చెప్పడానికి కూచున్నాడు. ఏడాది జైలు, డిస్మిస్. హైకోర్టుకు పోతే పిటిషన్ కొట్టేసింది. చివరికి 1987లో సుప్రీంకోర్టు ఆ శిక్ష రద్దు చేసింది. అంతదాకా పోలేని వాళ్ల గతేమిటి?

2007 చట్టంతో సైనికుల కోసం ట్రిబ్యునల్ వచ్చింది. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి. అక్కడ ఓడితే హైకోర్టులు ఆ కేసులు ముట్టుకోవద్దని 2015లో సుప్రీంకోర్టే చెప్పింది. ఇక మిగిలింది ఢిల్లీ. అక్కడికి పోవాలన్నా ప్రజలందరికీ ముఖ్యమైన న్యాయసూత్రం కేసులో ఉందని ముందు చూపించుకోవాలి. కొలువూ పింఛనూ పోయిన సిపాయి ఇంట్లో పొయ్యి వెలగకపోవడం ఏ సూత్రం కిందికొస్తుంది?

కోర్టు మార్షల్ మీద మామూలు అప్పీలు లేకుండా రాజ్యాంగంలో పెట్టిన మాట నిజమే. కానీ రిట్ దారి మూసెయ్యలేదని 1949లో రాజ్యాంగ సభలోనే బాబాసాహెబ్ వివరించారు. ఆయన సుబేదారు కొడుకు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు కూడా ఆ దారి ఉందని ఒప్పుకుంది. మధ్యలో ఎనిమిదేళ్లు పోయాయి.

"మేం వినం" అనడం తీర్పు కాదని కొందరంటారు. మేం ఒప్పుకోం. పెద్ద కోర్టు తలుపేసుకుంటే కింద ఆఫీసరు చెప్పిందే తీర్పుగా మిగులుతుంది. ఊళ్లో పెత్తందారే పంచాయితీ పెద్దగా కూచుంటే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా?

అందుకే వాడవాడకూ ఈ మాట చేరాలి. శిక్ష పడ్డ సిపాయి ఇంటివాళ్లు కాగితాలన్నీ దాచుకోవాలి. ముందు ట్రిబ్యునల్‌కు పోవాలి. అక్కడ అన్యాయం జరిగితే మన హైకోర్టులో రిట్ వెయ్యాలి. కార్యకర్తలు వెంట నడవాలి. సరిహద్దు కాసేవాడికి కోర్టు గడప దాటే హక్కు లేదంటే ఊరుకోం.

జై భీమ్!