ఆ ఫోటోలో పని కనిపించదు

పాత ఫోటోల ప్రదర్శన పెట్టిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: "తెల్లవాళ్లు ఎందుకు తీసినా, మన కష్టజీవి ఆడవాళ్లను ఉన్నదున్నట్టు మిగిల్చి పోయారు." ఈ మాట తప్పు. ఎరుకల స్త్రీల విషయంలో అయితే అన్యాయం కూడా.

1860లలో తడి గాజు పలక మీద బొమ్మ పడాలంటే మనిషి కొన్ని సెకన్లు కదలకూడదు. చెయ్యి ఆడితే బొమ్మ చెదిరిపోయేది. 1880ల నాటికి పొడి పలకలొచ్చి క్షణంలో తీసే వీలు కలిగింది. అయినా నిలబెట్టి, కూర్చోబెట్టి తీయడం పోలేదు. ఎందుకంటే ఆ తెల్లవాళ్లు వెతికింది జాతి నమూనాలను. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా చేసిన ఎడ్గార్ థర్‌స్టన్ జనం తలలూ ముక్కులూ కొలిచి, 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద 7 సంపుటాలు అచ్చువేయించాడు. అలాంటి ఫోటోల కింద కులం పేరుంటుంది, మనిషి పేరుండదు.

బుట్ట అల్లే ఎరుకల స్త్రీని దగ్గర కూర్చుని చూడండి. నానిన ఈత బరికెను కత్తితో నిలువునా చీలుస్తుంది. అడుగును కాలి బొటనవేలితో తొక్కిపట్టి అల్లిక తిప్పుతుంది. వేళ్లకు కళ్లతో పనిలేదు. కళ్లు బేరం మీదుంటాయి. ఒడిలో పూర్తయిన బుట్ట పెట్టి తీసిన బొమ్మలో ఇదంతా ఎక్కడుంది?

ఎరుకల పనుల చరిత్ర వాళ్ల శాఖల పేర్లలోనే ఉంది: ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల. వీటిలో ఉప్పు ఎరుకలవి కోస్తా ఉప్పును పశువుల మీద మెట్టకు చేర్చి ధాన్యం తెచ్చుకున్న కుటుంబాలు. సర్కారు ఉప్పు విధానం, రైలు కలిసి ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయి ఊరూరా తిరిగేవాళ్లకు "నేరస్థ జాతి" అని పేరు పెట్టారు. 1911 నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది; 1913లో బాపట్ల దగ్గర క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ చేతికింద స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. అక్కడి ఆడవాళ్లు చీరాల పొగాకు పనికి వెళ్లారు. ఆ ముద్ర దేశమంతటా చట్టంలో పోయింది 1952లో.

ఆ ఫోటోలను దాచెయ్యమని నేననడం లేదు. గోడకు తగిలించండి. కానీ కింద "ఎరుకల స్త్రీ" అని రాసి చేతులు దులుపుకోకండి. ఎవరు తీశారు, ఎవరి కోసం తీశారు, అప్పటికి ఆమె మీద ఏ చట్టం ఉంది, ఆమె చేతిలోని పనికి ఆమె భాషలో పేరేమిటి? అన్నీ రాయండి. తెలియకపోతే అడగండి. అందుకు లండన్ వెళ్లనక్కర్లేదు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంటే నడిచిన సీతానగరం, ప్రకాశం బ్యారేజీ దాటితే వచ్చేస్తుంది.